పాదరసం మీద కట్టిన ఊరు

స్లొవేనియా వెళ్లొచ్చినవాళ్ల ఫోటోలు చూస్తే అన్నీ ఒకేలా ఉంటాయి. బ్లెడ్ సరస్సు, దాని మధ్యలో చర్చి, పోస్తోయ్నా గుహలు, ఓపికుంటే పిరాన్‌లో సముద్రం. బాగుంటాయి, కాదనను. కానీ ఆ దేశంలో నా బుర్రలోంచి ఇంకా పోని ఊరు ఇద్రియా. జనాభా ఆరు వేలకు అటూ ఇటూ. రైలు లేదు. రాజధాని ల్యుబ్లియానా నుంచి పడమరగా అరవై కిలోమీటర్ల దూరం. లోగాతెత్స్ అనే ఊరు దాటాక బస్సు అడవుల్లో మెలికలు తిరుగుతూ, దిగుతూ దిగుతూ పోయి ఒక ఇరుకు లోయ అడుగున ఆగుతుంది. కడుపులో తిప్పే అలవాటున్నవాళ్లు ముందు సీట్లో కూర్చోండి, ఎందుకో మళ్లీ చెప్తాను.

దిగి చుట్టూ చూడగానే, అసలు ఇక్కడ ఊరెందుకు కట్టారు అనిపిస్తుంది. వ్యవసాయానికి చదును నేల లేదు. ఎక్కడికో పోయే పెద్ద దారి మధ్యలో ఉన్న ఊరూ కాదు. ఎండ కూడా కొండ దాటి తీరిగ్గా వస్తుంది. జవాబు మన కాళ్ల కిందే ఉంది. ఇది పాదరసం గని మీద కట్టిన ఊరు, పక్కన కాదు, సరిగ్గా మీదే. మీరు కాఫీ తాగుతున్న బల్ల కింద, స్కూలు కింద, చర్చి కింద, 15 అంతస్తులుగా, దాదాపు 380 మీటర్ల లోతు దాకా తవ్వేశారు. ఐదు వందల ఏళ్లలో తవ్విన సొరంగాలన్నీ కలిపితే 700 కిలోమీటర్లు.

టూరిస్టు కరపత్రాలు ఈ ఊరి గురించి ఒక పేజీలో గని, ఇంకో పేజీలో లేసు, మూడో పేజీలో తిండి అని విడదీసి రాస్తాయి. అవి చదివి వెళ్తే, గని అయిపోయింది, ఇక లేసు చూద్దాం అన్నట్టు తిరుగుతాం. నాకు అర్థమైనంతలో అవన్నీ ఒకే ఇంటి జమాఖర్చు. భర్త పొద్దున్నే గనిలోకి దిగేవాడు, ఆ జీతం చాలక భార్య లేసు అల్లేది, మిగిలిన బంగాళాదుంపలతో వంట జరిగేది. కోట, థియేటరు, డాక్టరు, స్కూలు, ఊరి బ్యాండు, ఆఖరికి నది పారే తీరు కూడా ఆ లోహం చుట్టూనే తిరిగాయి.

కథ 1490లో మొదలవుతుందని చెప్తారు. చెక్క తొట్లు చేసే ఒకతను, తొట్టి బిగుస్తుందని ఊట నీళ్లలో నానబెట్టాడట. తీసి చూస్తే అడుగున మెరుస్తున్నదేదో ఉంది, తొట్టి కదలడం లేదు, అంత బరువు. పాదరసం నీటికన్నా పదమూడున్నర రెట్లు బరువు, అర లీటరు సీసా నింపితే దాదాపు ఏడు కిలోలు తూగుతుంది, ఇనుప ముక్క వేస్తే తేలుతుంది. అదేమిటో అతనికి తెలియలేదు, తెలిసినవాళ్లకు చూపించాడు, ఆ తర్వాత కథ అతని చేతిలో లేదు. ఆ ఊట ఉన్నచోటే ఇప్పటి హోలీ ట్రినిటీ చర్చి ఉందంటారు. చిన్న చర్చి, హడావుడి ఏమీ ఉండదు. ఈ తొట్టి కథ ఎంతవరకు నిజమో గానీ, 1508 జూన్ 22 మాత్రం ఊరు గట్టిగా గుర్తుపెట్టుకున్న తేదీ. ఆ రోజు గనిలో బాగా లోతున మంచి ఇంగిలీకం పొర తగిలింది, అంటే పాదరసం తీసే ఎర్రటి ఖనిజం. అది సెయింట్ అకేషియస్ పండుగ రోజు, అందుకని ఆయన గని కార్మికులను కాపాడే దేవుడైపోయాడు. ఇప్పటికీ ఊరి పండుగ అదే రోజు.

పాదరసం కోసం లోకం ఎందుకంత ఎగబడిందో అర్థమైతేనే మిగతాదంతా అర్థమవుతుంది. వెనిస్ అద్దాల వెనుక పూతకు, ఎర్ర రంగుకు, మందులకు అది కావాలి. ఆ తర్వాత అమెరికా ఖండంలో స్పెయిన్ వాళ్లు వెండి తవ్వడం మొదలుపెట్టారు. రాతిలోంచి వెండిని లాగాలంటే పాదరసంతో కలపడం తేలికైన పద్ధతి, దాంతో టన్నుల కొద్దీ అవసరమైంది. స్పెయిన్‌కు సొంతంగా అల్మదేన్ గని ఉంది, ప్రపంచంలో అదే పెద్దది. ఇద్రియాది రెండో స్థానం. అల్మదేన్ సరుకు చాలనప్పుడల్లా ఈ లోయ సరుకు సముద్రం దాటేది. దీన్ని గొర్రెతోలు సంచుల్లో పోసి, ఆ సంచుల్ని చెక్క పీపాల్లో పెట్టి పంపేవాళ్లట. తోలు సంచిలో పాదరసం! ఆ పీపాలు మోసిన గుర్రాల సంగతి, తోలినవాళ్ల సంగతి తలుచుకుంటేనే అదోలా ఉంటుంది. పదహారో శతాబ్దం చివరికల్లా గని మొత్తం ఆస్ట్రియాను ఏలే హాప్స్‌బర్గ్ వంశపు ప్రభుత్వం చేతిలోకి వచ్చింది, ఇక అక్కడినుంచి ఇది ప్రభుత్వ ఖజానాకు డబ్బు కాసే చెట్టు. ఐదు వందల ఏళ్లలో ఇద్రియా ఇచ్చింది లక్షా ఏడు వేల టన్నుల పైచిలుకు, ప్రపంచం మొత్తం మీద వచ్చిన పాదరసంలో 13 శాతం దాకా. 2012లో యునెస్కో అల్మదేన్‌ను, ఇద్రియాను కలిపి ఒకే ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. ఎప్పుడూ ఒకదాని వెనుక ఒకటి నిలబడ్డ రెండు గనులు చివరికి ఒకే సర్టిఫికెట్ మీదికి ఎక్కాయి.

గనిలోకి వెళ్లే దారి ఆంటోనీ సొరంగం. 1500లో తవ్వడం మొదలుపెట్టారు, యూరప్‌లో మిగిలిన పాత గని దారుల్లో ఇదొకటి. 1994 నుంచి సందర్శకుల్ని పంపుతున్నారు. ముందు షెల్ష్తెవ్ అనే భవనంలో కూర్చోబెట్టి వీడియో చూపిస్తారు, అది ఒకప్పుడు కార్మికులు తెల్లారకముందే చేరి, ప్రార్థన చేసి, పేర్లు పిలిపించుకుని లోపలికి దిగిన గది. తర్వాత కోటు, హెల్మెట్ ఇస్తారు. లోపల చల్లగా ఉంటుంది, తల వంచుకుని నడవాలి. నల్ల రాతి మీద చిన్న చిన్న వెండి చుక్కలు మెరుస్తుంటాయి, అది పాదరసమే, ఎవరూ శుద్ధి చేయకుండా రాయే కారుస్తోంది. ఎర్రటి ఇంగిలీకం చూడ్డానికి అందంగానే ఉంటుంది కానీ చూసి భయపడాల్సింది ఈ చుక్కల్నే. లోపల పద్దెనిమిదో శతాబ్దపు చిన్న ప్రార్థనా మందిరం ఉంది, అందులో సెయింట్ బార్బరా, సెయింట్ అకేషియస్. కిందికి దిగేముందు అక్కడ ఆగి మొక్కుకునేవాళ్లు.

ఇంకా పెర్క్‌మాండెల్ట్స్ అనే మరుగుజ్జు ఉన్నాడు. గని లోపల ఉండే చిన్న మనిషి, గోడ మీద టకటకా కొట్టి మంచి ఖనిజం ఎక్కడుందో చెప్తాడట, మర్యాద ఇవ్వకపోతే దారి తప్పిస్తాడట. పిల్లలకి భలే నచ్చుతాడు. గైడ్ అతని గురించి చెప్తున్నప్పుడు అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కానీ చీకట్లో పద్నాలుగు పదిహేను అంతస్తుల కింద, ఎక్కడో చెక్క దూలం కిర్రుమన్న చప్పుడు వినిపిస్తే, అది ఎవరో దోస్తు పిలుపు అనుకోవడమే మనసుకి మంచిదేమో. గైడ్ చివర్లో చేయి ఊపి "స్రెచ్నో" అంది, క్షేమంగా ఉండండి అని. గని కార్మికులు ఒకరికొకరు చెప్పుకునే మాట అది. గని మూతపడినా ఆ పలకరింపు మూతపడలేదు.

జబ్బు సంగతికొద్దాం. కరపత్రాల్లో ఇది రెండు లైన్లే ఉంటుంది. పాదరసం ఆవిరి పీల్చినవాళ్లకు చేతులు వణికేవి, చిగుళ్లు వాచి పళ్లు ఊడేవి, నోట్లో ఉమ్మి ఆగేది కాదు, నిద్ర పట్టేది కాదు, చీటికిమాటికి కోపం, భయం. ద్రవ పాదరసం దొరికే చోట పనిచేసేవాళ్లకూ, ఖనిజాన్ని కాల్చే కొలిమి దగ్గర పనిచేసేవాళ్లకూ ఇది మరీ ఎక్కువ. ఇంగిలీకాన్ని వేడిచేస్తే పాదరసం ఆవిరై బయటికొస్తుంది, దాన్ని చల్లార్చి పట్టుకోవాలి, పట్టుకోలేనిది గాల్లో పోతుంది, ఆ గాలిలోనే కదా ఊరంతా బతకాలి. ఇంట్లో భర్త చేతులు వణుకుతుంటే అదే బల్ల దగ్గర భార్య దారపు పోగుల్ని తిప్పుతూ కూర్చునేది. ఈ రెండు చేతుల్నీ పక్కపక్కన ఊహించుకోకుండా ఇద్రియా లేసు చూడటం నావల్ల కాదు.

1754లో గనికి మొదటి డాక్టరుగా జొవాన్నీ ఆంటోనియో స్కొపోలి వచ్చాడు. టిరోల్ ప్రాంతం మనిషి, ముప్పై ఒకటో ఏట ఉన్నాడు. పదిహేనేళ్లు ఈ లోయలోనే ఉన్నాడు, 1769లో వెళ్లిపోయాడు. పాదరసం గురించి, దాన్ని తవ్వేవాళ్ల జబ్బుల గురించి 1761లో లాటిన్‌లో పుస్తకం అచ్చువేశాడు. కార్మికుడి ఒంటికి వచ్చే రోగం పనివల్ల వచ్చిందని రాయడం అప్పట్లో మామూలు విషయం కాదు, అదీ జీతమిచ్చేది ఆ గనే అయినప్పుడు. తీరిక దొరికితే కొండలెక్కి మొక్కలు, పురుగులు ఏరేవాడు. ఈ కార్నియోలా ప్రాంతపు మొక్కల మీద 1760లో, పురుగుల మీద 1763లో పెద్ద పుస్తకాలు తెచ్చాడు, స్వీడన్‌లో ఉన్న వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్‌తో ఉత్తరాలు నడిపాడు. ఇక్కడి అడవుల్లో అతను గుర్తించిన ఒక మొక్కకు తర్వాత స్కొపోలియా అని అతని పేరే పెట్టారు, దాన్నుంచే స్కొపోలమిన్ అనే మందు పేరు వచ్చింది. ప్రయాణాల్లో వాంతులు రాకుండా చెవి వెనుక అంటించుకునే పట్టీలో ఉండేది అదే. ఇద్రియా రోడ్డు అలా ఎందుకుందో నాకు తెలీదు గానీ, మందు మాత్రం అక్కడి డాక్టరు పేరుతోనే దొరుకుతోంది.

గనికి ఆవిరితో పాటు ఇంకో శత్రువు నీరు. ఎంత లోతు తవ్వితే అంత ఊరుతుంది, తోడకపోతే పని ఆగిపోతుంది. దీనికోసం 1790లో కట్టిన చెక్క చక్రం ఇంకా ఉంది, పేరు కామ్ష్ట్. వ్యాసం 13.6 మీటర్లు. నాలుగంతస్తుల ఇంటంత ఎత్తు, మొత్తం చెక్కే. దానికో రాతి ఇల్లు కట్టి లోపల పెట్టారు. నది నీళ్లు పైనుంచి పడితే చక్రం తిరిగేది, అది పంపుల్ని ఆడించి 283 మీటర్ల లోతు నుంచి గని నీటిని పైకి లాగేది. 1948 దాకా పనిచేసింది. నూట యాభై ఏళ్లు దాటింది! ఫోటో తీస్తే దాని సైజు తెలియదు, పక్కన నిలబడాల్సిందే.

ఆ చక్రానికి నీళ్లు తెచ్చే కాలువ పేరు రాకె, మూడున్నర కిలోమీటర్లు. ఇప్పుడు దాని గట్టు మీద చెట్ల నీడలో నడిచే దారి ఉంది, ఇద్రియాలో డబ్బు ఖర్చవకుండా దొరికే సుఖాల్లో ఇదే మొదటిది. సాయంత్రం ఊళ్లో వాళ్లంతా అక్కడే కనిపిస్తారు, కుక్కలతో, తోపుడు బండ్లలో పిల్లలతో. కొత్త మనిషివని తెలిసినా "దొబెర్ దాన్" అని పలకరించి పోతారు. ఆ దారి చివరికి వెళ్తే దివ్యె యెజెరో వస్తుంది, అంటే అడవి సరస్సు. నిటారు రాతి గోడల మధ్య ముదురు ఆకుపచ్చ నీరు. చూడ్డానికి చిన్న కొలనే కానీ అది నిజానికి సున్నపురాతి కొండ లోపలినుంచి వచ్చే ఊట నోరు. గజ ఈతగాళ్లు 160 మీటర్ల లోతు దాకా దిగారు, ఇంకా కిందికి ఉందంటారు. మామూలు రోజుల్లో కదలకుండా ఉంటుంది, పెద్ద వానలు పడ్డాక కిందినుంచి నీరు ఉబికి పొంగుతుంది. దాంట్లోంచి బయటికొచ్చే యెజెర్నిత్సా అనే నది పొడవు 55 మీటర్లు. స్లొవేనియాలో ఇంతకన్నా చిన్న నది లేదు, పుట్టిన నిమిషంలోనే ఊరి నది ఇద్రీత్సాలో కలిసిపోతుంది. నది అనడానికి కొంచెం సిగ్గుగా ఉంటుంది, కానీ బోర్డు పెట్టారు.

గనికి ఇంకా కలప కావాలి, సొరంగాలు కూలకుండా నిలబెట్టడానికి, ఖనిజం కాల్చడానికి. కొండల మీది చెట్లను కిందికి ఎలా తేవాలి? పైన వాగుల్లో అడ్డుకట్టలు కట్టారు. నీళ్లు నిండాక దుంగలన్నీ కింద వాగులో పేర్చి, ఒక్కసారి తలుపులు తెరిచేవాళ్లు. వరద దుంగల్ని మోసుకుపోయి ఊరి దగ్గర పట్టుకునే చోట పడేసేది. క్లావ్జే అంటారు వీటిని. మొదట చెక్కతో కట్టారు, పద్దెనిమిదో శతాబ్దంలో యోజెఫ్ మ్రాక్ అనే గని ఇంజనీరు రాతితో కట్టించినవి ఇంకా నిలబడి ఉన్నాయి. ఊళ్లోంచి దూరం, కారు ఉంటే మేలు. నేను చూసినవాటిలో ఇంత మొండిగా, ఇంత అందంగా ఉన్న ఆనకట్ట లేదు.

ఊరి మీద కొండవాలులో గెవెర్కెనెగ్ కోట ఉంది, 1520, 30లలో కట్టినది. కోట అంటే రాజులు, యుద్ధాలు అనుకుని వెళ్లకండి. ఇది గని ఆఫీసు. పాదరసం నిల్వ చేయడానికి, లెక్కలు రాయడానికి, అధికారులు ఉండటానికి కట్టారు. ఇప్పుడు మున్సిపల్ మ్యూజియం. 1997లో యూరప్‌లోని పారిశ్రామిక మ్యూజియాల్లో ఉత్తమమైనదిగా మిఖెలెత్తి అవార్డు తెచ్చుకుంది, లోపలికి వెళ్తే ఎందుకిచ్చారో తెలుస్తుంది, తొందరపడకండి, సగం రోజు పడుతుంది. ఊళ్లో ఇంకా ధాన్యం గోదాము ఉంది. లోయలో పంట పండదు కాబట్టి గని యాజమాన్యమే గింజలు తెప్పించి కార్మికులకు ఇచ్చేది. ఆ పక్కనే 1769 ప్రాంతంలో కట్టిన థియేటరు, స్లొవేనియాలో మిగిలిన పాత థియేటర్ భవనం అదే, ఇప్పుడు అందులో సినిమాలు వేస్తారు. గని కార్మికుల బ్యాండు అయితే 1665 నుంచి లెక్క చెప్పుకుంటుంది. నల్ల యూనిఫాంలో వాళ్లు వాయిస్తూ వీధిలో వస్తుంటే ముందువరుసలో తాతలు, వెనుకవరుసలో స్కూలు పిల్లలు. ఆ బ్యాండులో ఇప్పుడు గనిలో దిగినవాళ్లు ఎందరుంటారు, అయినా పేరు మార్చలేదు.

కార్మికుల ఇళ్లు కొండవాలుకు అతుక్కుని, ఎత్తుగా, సన్నగా ఉంటాయి. కింద రాయి, పైన చెక్క, చెక్క పెంకుల నిటారు కప్పు, వరుసగా బోలెడన్ని చిన్న కిటికీలు. ఒక్కో ఇంట్లో మూడు నాలుగు కుటుంబాలు ఉండేవి. ఆ కిటికీల దగ్గర కూర్చునే ఆడవాళ్లు లేసు అల్లారు.

ఇద్రియా లేసు ఊసు రాతల్లో మొదట కనిపించేది 1696లో. సూదితో అల్లేది కాదు. గుండ్రటి దిండు, దాని మీద గీతలు గీసిన కాగితం, దారం చుట్టిన చిన్న చెక్క కడ్డీలు. దిండును పుంకెల్ అంటారు, కడ్డీలను క్లెక్లి. జతలు జతలుగా వాటిని ఎడమకీ కుడికీ వేస్తూ మెలితిప్పుతూ పోతే సన్నని పట్టీ తయారవుతుంది, అది వంపులు తిరుగుతూ పువ్వో ఆకో అవుతుంది, పక్క వంపుకు కొక్కెంతో కలుపుతారు. జతలు తక్కువే, ఏడెనిమిదికి మించవు చాలాసార్లు, కాబట్టి ఇంటిపని మధ్యలో కూడా పట్టుకుని కూర్చోవచ్చు, పొయ్యి మీద కుండ పొంగితే లేవొచ్చు. ఇది చిన్న విషయం కాదు. డజన్ల కొద్దీ జతలతో అల్లే రకమైతే గని కార్మికుడి ఇంట్లో సాగేది కాదనిపిస్తుంది. డిజైన్లకు పెట్టుకున్న పేర్లు కూడా ఇంటి చుట్టూ ఉండేవే, చిన్న పాము, నత్త, చేప, గుండె. కడ్డీలు తగిలినప్పుడు వచ్చే టకటక చప్పుడు వింటుంటే లేవాలనిపించదు.

1876లో లేసు బడి పెట్టారు. మొదటి టీచరు ఇవాంకా ఫెర్యాంచిచ్. అప్పటినుంచి ఆ బడి నడుస్తూనే ఉంది: ఆస్ట్రియా పోయింది, ఇటలీ వచ్చింది, జర్మన్లు వచ్చారు, యుగోస్లావియా వచ్చి పోయింది, బడి మాత్రం ఆగలేదు. ఇప్పటికీ వందల మంది పిల్లలు మామూలు స్కూలు అయ్యాక అక్కడికి వెళ్తారు, అబ్బాయిలు కూడా. ఒక షాపులో పెద్దావిడ అల్లుతూ కూర్చుంటే, అరచేయంత పువ్వుకి ఎంతసేపు పడుతుందండీ అని అడిగాను. తల ఎత్తకుండానే, గంటలు లెక్కపెడితే ఎవరూ కొనలేరు, నేనూ అల్లలేను అంది. ధర చూసి ఎక్కువ అనిపించేవాళ్లు ఒక్క పది నిమిషాలు ఆ చేతుల్ని చూసి అప్పుడు బేరమాడండి. 2018లో స్లొవేనియా లేసు అల్లికను యునెస్కో అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది. గనికి 2012లో, లేసుకి 2018లో. ఒకే ఇంట్లో ఇద్దరికీ పేరు రావడానికి మధ్యలో ఆరేళ్లు పట్టింది, భార్యదే ఆలస్యమైంది, అది మామూలే.

తిండి విషయానికి వస్తే ఝ్లిక్రోఫి. పల్చటి పిండి చుట్టలో ఉడికించిన బంగాళాదుంప, ఉల్లిపాయ, మూలికలు పెట్టి, మధ్యలో వేలితో నొక్కి చిన్న టోపీ ఆకారంలో మడుస్తారు, నీళ్లలో ఉడకబెడతారు. పైన బకాల్త్సా అనే గొర్రెమాంసం పులుసు పోస్తారు. 2010లో యూరోపియన్ యూనియన్ దీనికి సంప్రదాయ వంటకంగా రక్షణ ఇచ్చింది, అంటే అసలు పద్ధతిలో చేయకుండా ఆ పేరు పెట్టుకోవడానికి లేదు. శాకాహారులకు ఒక మాట: పైన పులుసు వద్దంటే సరిపోదు, లోపలి బంగాళాదుంపలోనే పంది కొవ్వు కలుపుతారు, ఆర్డర్ చేసేముందు అడగండి. నాకు రుచి మొదటి ముద్దకి చప్పగా అనిపించింది, సగం ప్లేటు అయ్యేసరికి ఆపలేకపోయాను. చలిలో, రోజంతా రాయి కొట్టి వచ్చినవాడికి ఇది ఎంత బాగుండి ఉంటుందో!

ఇరవయ్యో శతాబ్దం ఈ ఊరితో ఆడుకుంది. 1901లో స్లొవేన్ భాషలో చెప్పే మొట్టమొదటి హైస్కూలు ఇక్కడే పెట్టారు, అదీ ల్యుబ్లియానాలో కాదు, ఈ గని ఊళ్లో. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఊరు ఇటలీ కిందికి పోయింది. ముస్సోలినీ ప్రభుత్వం స్లొవేన్ చదువుల్ని మూసేసింది, పేర్లను కూడా ఇటాలియన్‌లోకి మార్చింది. రెండో యుద్ధంలో జర్మన్లు. దగ్గర్లో చెర్క్నో అనే ఊరి అవతల ఒక ఇరుకు లోయలో, వాళ్లతో పోరాడే పార్టిజాన్ గెరిల్లాలు 1943 డిసెంబరు నుంచి ఫ్రాన్యా అనే రహస్య ఆసుపత్రి నడిపారు, రోగుల్ని కళ్లకు గంతలు కట్టి తీసుకెళ్లేవాళ్లు. 2007 వరదల్లో అది కొట్టుకుపోతే మళ్లీ కట్టారు. వీలైతే ఆ రోజే అటు కూడా వెళ్లండి.

ఇక మూసివేత. 1970లలో పాదరసం విషమని లోకమంతా వినియోగం తగ్గించేసరికి ధర పడిపోయింది. 1977లో గని ఆపారు, కొన్నేళ్లకు కొంచెంగా మళ్లీ తెరిచారు, 1988లో శాశ్వతంగా మూసేయాలని తేల్చారు. 1995 కల్లా ఉత్పత్తి లేదు. గనిని మూయడమంటే తలుపు వేసి తాళం పెట్టడం కాదు, పైన ఊరుంది. అడుగు అంతస్తుల్లోకి నీరు నిండనిచ్చారు, పై భాగంలో ఖాళీలను నింపి గట్టిపరిచారు. నేల ఎంత కుంగుతోందో ఇప్పటికీ కొలుస్తూనే ఉన్నారు. తవ్విన పాదరసంలో దాదాపు నాలుగో వంతు సీసాల్లోకి చేరనే లేదు, పొగలో, బూడిదలో, నదిలో కలిసిపోయింది. ఇద్రీత్సా సోచా నదిలో కలుస్తుంది, సోచా సముద్రంలో, ట్రియెస్ట్ సింధుశాఖ అడుగు మట్టిలో ఇంకా ఇద్రియా పాదరసం దొరుకుతుంది. 2017లో పాత కొలిమి ప్రాంగణంలో తెరిచిన కేంద్రంలో ఈ సంగతులు దాచకుండా చెప్పారు, అది నాకు బాగా నచ్చింది.

గని పోతే ఊరు పోవాలి, చాలాచోట్ల అలాగే జరిగింది. ఇక్కడ జరగలేదు. కొలెక్టర్ అనే కంపెనీ 1963లోనే, అంటే గని ఇంకా నడుస్తుండగానే, మోటార్లలో వాడే కమ్యుటేటర్లు చేయడం మొదలుపెట్టింది, ఇప్పుడు ప్రపంచమంతా అమ్ముతుంది. హిద్రియా అని ఇంకొకటి వాహనాల విడిభాగాలు చేస్తుంది. వందల ఏళ్లుగా యంత్రాలు బిగించి, పంపులు రిపేరు చేసి, కొలతలు పట్టి బతికిన ఊరు కాబట్టి పనిమంతులకు కొరత లేదు. ఇది అదృష్టం అనేవాళ్లున్నారు. నేనలా అనుకోను, ముందుచూపు, చదువు.

వెళ్లాలనుకునేవాళ్లకు బాగుండే నెలలు రెండు. ఆగస్టులో ఝ్లిక్రోఫి పండుగ, వీధి పొడుగునా పెనాలు, ఎవరిది బాగుందో తేల్చుకోవచ్చు. జూన్‌లో లేసు ఫెస్టివల్, ఊరి పండుగకి దగ్గర్లో, బ్యాండు కూడా వాయిస్తుంది, పిల్లలకు అల్లిక పోటీలు పెడతారు. నన్నడిగితే జూన్. వరుసగా దిండ్లు పెట్టుకుని పదేళ్ల పిల్లలు తల వంచి కడ్డీలు విసురుతుంటే, గడియారం పట్టుకుని నిలబడ్డ అమ్మమ్మల టెన్షన్ చూడాలి. శని ఆదివారాల్లో ల్యుబ్లియానా బస్సులు తక్కువ, తిరుగు బస్సు టైము దిగగానే చూసి రాసుకోండి.